తక్కువ ఖర్చు, శుభ్రమైన గాలి: ప్రఫుల్ల చంద్ర రే ప్రయోగశాల కథ

ముంబయి ప్రభాదేవిలో వీర్ సావర్కర్ మార్గ్ మీదుగా బస్సులో వెళ్లేవారికి బెంగాల్ కెమికల్ అనే పేరు కొత్త కాదు. దాదర్, వర్లీ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు అదొక దారి గుర్తు. కలకత్తా కంపెనీ పేరు మన ముంబయి రోడ్డు మీదకు ఎలా వచ్చిందంటే, 1938లో ఆ కంపెనీ ఇక్కడ కర్మాగారం తెరిచింది. దానికి 46 ఏళ్ల ముందు, 1892లో, కలకత్తాలోని ఒక అద్దె ఇంట్లో ఏడెనిమిది వందల రూపాయలతో ఆ కంపెనీని మొదలుపెట్టిన మనిషి వ్యాపారి కాదు. కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకుడు. ఆయన పేరు ప్రఫుల్ల చంద్ర రే. దేశమంతా ఆయన్ను ఆచార్య రే అని పిలిచింది.

ఆయన జీవితాన్ని మన పిల్లలకు సాధారణంగా భారతీయ రసాయన శాస్త్ర పితామహుడు అన్న ఒక్క మాటతో పరిచయం చేస్తాం. ఆ మాట పోటీ పరీక్షకు సరిపోతుంది. బడికి మాత్రం ఆయన జీవితంలో ఇంకొక పాఠం ఉంది. డబ్బు లేనిచోట ప్రయోగశాల ఎలా నడపాలి, నడుపుతూ ఆ గదిలోని పిల్లల ఊపిరిని, పక్కింటి మనుషుల ప్రశాంతతను ఎలా కాపాడాలి అన్నదే ఆ పాఠం. కామాటిపుర గల్లీల్లో, వర్లీ బీడీడీ చాళ్లలో ఒకరి కిటికీ తెరిస్తే ఇంకొకరి గ్యాలరీ. ఒక మోరీలో పోసిన నీరు పది ఇళ్ల ముందు నుంచి పోతుంది. ఇలాంటి చోట పెరిగే పిల్లల బడికి ఆచార్య రే కథ చాలా దగ్గరిది.

ఊళ్లో పుస్తకాల గది

రే 1861 ఆగస్టు 2న రాడూలీ గ్రామంలో పుట్టారు. కపోతాక్షి నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లోని ఖుల్నా జిల్లాలో ఉంది. తండ్రి హరీశ్ చంద్ర జమీందారు. చదువంటే ప్రాణం పెట్టే మనిషి. ఇంట్లో మంచి గ్రంథాలయం ఉండేది. పిల్లల చదువు కోసం 1870లో కుటుంబం కలకత్తా చేరింది. ఆ తర్వాత ఆస్తి కరుగుతూ వచ్చింది. కొడుకు పెద్దయ్యేసరికి ఆ ఇంట మిగిలిన సంపద పుస్తకాలే.

హేర్ స్కూల్లో చదువుతుండగా 1874లో రేకు తీవ్రమైన జిగట విరేచనాలు పట్టుకున్నాయి. బడి మానేయాల్సి వచ్చింది. ఆ జబ్బు ఆయన జీర్ణశక్తిని శాశ్వతంగా దెబ్బతీసింది. జీవితాంతం మితంగా తిని, పత్యం పాటించి బతికారు. అయితే మంచం మీద ఉన్న ఆ కాలాన్ని వృథా పోనివ్వలేదు. తండ్రి పుస్తకాలన్నీ చదివారు. లాటిన్ నేర్చుకున్నారు. శాస్త్రజ్ఞుల జీవిత కథలు చదివారు. అచ్చు పనివాడిగా మొదలై శాస్త్రజ్ఞుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ ఆయన మనసులో నాటుకుంది. పిల్లవాడు జబ్బుపడి ఒక ఏడు బడికి దూరమైతే చదువు పోయిందని కుమిలిపోయే తల్లిదండ్రులు గుర్తుంచుకోదగిన సంగతి ఇది.

రేకు గొట్టం పేలిన రోజు

1879లో ఆయన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ నడిపే మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరారు. అక్కడ ఫీజు తక్కువ. రసాయన శాస్త్ర పాఠాలు వినడానికి మాత్రం ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లేవారు. అక్కడ అలెగ్జాండర్ పెడ్లర్ అనే ఆచార్యుడు తరగతిలో ప్రయోగాలు చేసి చూపించేవారు. అవి చూసి ఇంటికి వచ్చిన రేకు చేతులు ఊరుకునేవి కావు. ఒక స్నేహితుడితో కలిసి అద్దె గదిలోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు.

ఒకసారి ఇద్దరూ ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపి మండించే గొట్టం కావాలనుకున్నారు. కొనడానికి డబ్బు లేదు. రేకు పని చేసేవాడిని పట్టుకుని పల్చటి రేకుతో ఒకటి చేయించారు. అతుకుల దగ్గర సందులున్నాయి. వాయువులు లోపలే కలిసి ఒక్కసారిగా పెద్ద శబ్దంతో పేలింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆయన ప్రయోగశాల జీవితం ఈ పేలుడుతో మొదలైంది. చౌకగా చేయించుకోవడంలో తప్పేమీ లేదు. తర్వాతి రోజుల్లో ఆయన మిత్రుడు జగదీశ్ చంద్ర బోస్ కూడా స్థానిక రేకు పనివాడి చేత పరికరాలు చేయించుకునే ప్రపంచం మెచ్చిన ప్రయోగాలు చేశారు. అయితే ఏ వస్తువుకు రేకు చాలు, ఏ వస్తువుకు చాలదు అనేది ముందే తెలుసుకోవాలి. వాయువులు మండే చోట మిగుల్చుకున్న నాలుగు రూపాయలకు ఒక పిల్లవాడి కన్ను వెల కావచ్చు.

1882లో ఆయనకు గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ ఏడు దేశం మొత్తం మీద ఎంపికైన ఇద్దరిలో రెండోవారు మన బొంబాయికి చెందిన పార్సీ యువకుడు. రే ఎడింబరో విశ్వవిద్యాలయంలో క్రమ్ బ్రౌన్ దగ్గర రసాయన శాస్త్రం చదివారు. 1887లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకుని, 1888లో స్వదేశం వచ్చారు.

పొగ నిండిన గది

వచ్చిన తర్వాత దాదాపు ఏడాది పాటు ఉద్యోగం లేదు. ఉన్నత విద్యాశాఖ ఉద్యోగాలన్నీ ఆంగ్లేయులకే. జగదీశ్ చంద్ర బోస్ ఇంట్లో తలదాచుకున్నారు. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతం మీద తాత్కాలిక సహాయ ఆచార్యుడిగా చేరారు. అదే అర్హత ఉన్న ఆంగ్లేయుడికి అంతకంటే ఎక్కువ వచ్చేది.

అక్కడి రసాయన ప్రయోగశాల పాత భవనంలో, చాలీచాలని గదుల్లో ఉండేది. గాలి బయటికి పోయే దారి లేదు. విద్యార్థుల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. వానాకాలంలో మరీ కష్టం. ఆమ్లాల ఆవిర్లు, వాయువులు గదిలోనే సుడులు తిరిగేవి. ముక్కు మూసుకుని ప్రయోగాలు చేయాల్సిన పరిస్థితి.

ఫిర్యాదు కాగితాల మీద కాగితాలు రాసి ఉంటే ఏమయ్యేదో గానీ, రే వేరే పని చేశారు. ప్రిన్సిపాల్ టానీని స్వయంగా ఆ గదిలోకి తీసుకెళ్లారు. టానీ ఊపిరితిత్తులు అసలే బలహీనం. కాసేపు కూడా నిలబడలేక బయటకు వచ్చేశారు. వెంటనే విద్యాశాఖ డైరెక్టరుకు గట్టిగా లేఖ రాశారు. నగర ఆరోగ్యాధికారికి ఈ గది సంగతి తెలిస్తే కళాశాల మీద కేసు పెట్టవచ్చన్నది ఆ లేఖ సారాంశం. కొత్త ప్రయోగశాలకు దారి పడింది. రే ఎడింబరోలోని కొత్త ప్రయోగశాల నమూనాలు తెప్పించారు. పెడ్లర్, రే కలిసి వాటిని పరిశీలించి, గాలి ధారాళంగా ఆడే భవనానికి ప్రణాళిక వేశారు. 1894లో అది సిద్ధమైంది.

ఉపాధ్యాయులు గమనించాల్సింది ఇక్కడే. ప్రయోగశాలకు మొదటి పరికరం గాలి. తరాజు, సూక్ష్మదర్శిని దాని తర్వాతే. గాలి లేదని అధికారిని నమ్మించడానికి సులువైన మార్గం ఆయన్ను అయిదు నిమిషాలు ఆ గదిలో నిలబెట్టడం. తల్లిదండ్రుల సమావేశాన్ని ఒక్కసారి ప్రయోగాల గదిలో పెట్టి చూడండి. కిటికీకి బయటికి గాలి తోసే ఫ్యాను కావాలో వద్దో వాళ్లే చెబుతారు.

పాలు పిండించి, నూనె ఆడించి

ఆ రోజుల్లో రే చేసిన తొలి పెద్ద పరిశోధనకు విలువైన పరికరాలు, దూరదేశపు రసాయనాలు పెద్దగా అవసరం కాలేదు. బజారులో అమ్మే నెయ్యిలో, ఆవనూనెలో కల్తీ ఎంత ఉందో ఆయన పరీక్షించారు. కల్తీ కనిపెట్టాలంటే ముందు అసలు సరుకు గుణాలు తెలియాలి. బజారు సరుకును నమ్మలేదు. తన కళ్లముందే ఆవు పాలు పిండించి వెన్న తీయించారు. ఆవాలు తెచ్చి దగ్గరుండి నూనె ఆడించారు. అలా తెలిసిన సరుకుతో బజారు సరుకును పోల్చారు. ఈ పనికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఫలితాలు 1894లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చాయి.

ఇంటి వంటగదిలో ఉన్న వస్తువే పరిశోధనకు తగిన వస్తువని ఆయన చూపించారు. ఆ ప్రయోగంలో వ్యర్థం కూడా తక్కువే. తిండి వస్తువులతో చేసే ప్రయోగంలో మిగిలేది చాలావరకు మట్టిలో కలిసిపోతుంది.

1896లో ఆయనకు అంతర్జాతీయ పేరు తెచ్చిన విషయం మరో రకంగా బయటపడింది. పాదరసం మీద పలుచటి నత్రికామ్లం చల్లగా పనిచేసేలా ఉంచి ఒక లవణం తయారు చేస్తుండగా పసుపుపచ్చని స్ఫటికాలు పేరుకున్నాయి. తనకు కావలసిన పదార్థం అది కాదు. వేరొకరైతే కడిగి పారబోసేవారే. రే దాన్ని పరీక్షించి, అది మెర్క్యురస్ నైట్రైట్ అని తేల్చారు. నైట్రైట్ల మీద ఆ తర్వాత ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ కాలంలో పాదరసం ప్రయోగశాలల్లో మామూలు వస్తువు. ఇప్పుడు దాని విషం సంగతి మనకు బాగా తెలుసు. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. కాబట్టి ఈ కథలో బడి తీసుకోవాల్సింది పాదరసం కాదు, పారబోసే ముందు చూసే అలవాటు.

మేడ మీద ఎముకలు

చదువుకున్న కుర్రాళ్లు గుమాస్తా ఉద్యోగాల కోసం తిరగడం రేను బాధించేది. దేశంలో ముడిసరుకు ఉంది, చదువుకున్న చేతులు ఉన్నాయి, అయినా మందులు, రసాయనాలు ఓడల్లో వస్తున్నాయి. అందుకే 1892లో అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని 91వ నంబరు అద్దె ఇంట్లో తన చిన్న పొదుపుతో బెంగాల్ కెమికల్ పని మొదలుపెట్టారు. పగలు కళాశాలలో పాఠాలు, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఈ పని. అమూల్య చరణ్ బోస్ అనే వైద్యుడు భాగస్వామిగా చేరి, తోటి వైద్యుల చేత ఆ మందులు రాయించే బాధ్యత తీసుకున్నారు.

ముడిసరుకు ఎంపికలోనే వాళ్ల తెలివి ఉంది. నేలవేము, పాలకొడిశ, అడ్డసరం, వాము వంటివి మన అమ్మమ్మలకు తెలిసిన మందులే. వాటి సారాన్ని, పాకాన్ని, వాము నీటిని శాస్త్రీయంగా కొలతల ప్రకారం తయారు చేసి సీసాల్లో నింపారు. దగ్గర్లో దొరికే సరుకు కాబట్టి ఖర్చు తక్కువ.

తర్వాత ఫాస్ఫేట్ లవణాల వంతు వచ్చింది. ఎముకల్లో ఎక్కువ భాగం కాల్షియం ఫాస్ఫేట్. కసాయి దుకాణాల దగ్గర అవి గుట్టలుగా పడి ఉండేవి. ఎవరికీ అక్కరలేని ఆ ఎముకలను రే బస్తాల కొద్దీ తెప్పించి, ఇంటి మేడ మీద ఎండబెట్టించారు. లెక్క చాలా బాగుంది. సరుకు దాదాపు ఉచితం, ఎండ పూర్తిగా ఉచితం.

లెక్కలో లేనిది వాన. అది శీతకాలం. అనుకోకుండా దాదాపు రెండు వారాలు ముసురు పట్టింది. ఎముకలకు అంటుకుని ఉన్న మాంసం కుళ్లింది. పురుగులు పట్టాయి. కాకులు గుంపులుగా వచ్చి ముక్కలు ఎత్తుకెళ్లి ఇరుగుపొరుగు ఇళ్ల మీద పడేశాయి. ఆచారం పాటించే ఆ ఇళ్లవాళ్లకు దుర్వాసన ఒక బాధ, వాకిట్లో ఎముక పడటం ఇంకొక బాధ. వెంటనే తీసేయకపోతే నగరపాలక ఆరోగ్యాధికారికి చెబుతామని హెచ్చరించారు.

ఎముకలను ఊరి చివర మాణిక్‌తలా వైపు ఖాళీ స్థలానికి తరలించారు. అక్కడ కుప్పపోసి కాల్చారు. రాత్రి పూట మంటల్లో ఎముకలు కనబడేసరికి గస్తీ పోలీసుకు అనుమానం వచ్చింది. ఎవరినో చంపి శవాన్ని మాయం చేస్తున్నారనుకున్నాడు. అసలు సంగతి చూపించి నచ్చజెప్పాల్సి వచ్చింది. చివరికి మిగిలింది తెల్లని బూడిద. దానికి వాసన లేదు, కుళ్లదు, పురుగు పట్టదు. దాని మీద గంధకామ్లం పనిచేయించి ఫాస్ఫేట్ లవణాలు తీశారు. అవి నరాల బలహీనతకు వైద్యులు రాసే మందుల్లోకి వెళ్లాయి.

ఈ ఘట్టాన్ని పుస్తకాలు తరచు నవ్వించడానికి చెబుతాయి. ముంబయిలో చాల్ గ్యాలరీలో పెరిగిన మనకు అందులో నవ్వు కంటే ఎక్కువ కనబడుతుంది. వ్యర్థాన్ని సరుకుగా మార్చాలన్న ఆలోచన గొప్పది. కానీ ఆ పొదుపు కొన్నాళ్లు పొరుగువాళ్ల ముక్కు మీద నడిచింది. ఖర్చు తగ్గినట్టు కనిపించినా, తగ్గలేదు. రే చిట్టాపద్దు నుంచి పక్కింటి వాకిట్లోకి మారింది, అంతే. సరుకును ముందే బూడిద చేసి తెచ్చుకునే పద్ధతి వచ్చిన తర్వాతే అది నిజమైన పొదుపు అయింది. ఏ ప్రయోగశాల అయినా తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: మనం మిగుల్చుకున్న రూపాయిని ఇంకెవరు కడుతున్నారు?

సతీశ్ చంద్ర సింహ

ఆ ప్రశ్నకు అత్యంత కఠినమైన జవాబు త్వరలోనే వచ్చింది. అమూల్య చరణ్ బావమరిది సతీశ్ చంద్ర సింహ రసాయన శాస్త్రంలో పట్టభద్రుడు. జీతం ఆశించకుండా రేతో పాటు రాత్రింబవళ్లు పనిచేసిన యువకుడు. ఒకరోజు పనిలో ఉండగా ప్రూసిక్ ఆమ్లం విషం సోకి మరణించాడు. ఆసుపత్రికి తీసుకెళ్లినా దక్కలేదు. వెనుక భార్య మిగిలింది. 1898లో ప్లేగు రోగులకు వైద్యం చేస్తూ అమూల్య చరణ్ కూడా అదే వ్యాధితో పోయారు.

రే ఒంటరి అయ్యారు. కళాశాల పని మీద కంపెనీ భారం, అప్పులు. అయినా ఆపలేదు. 1901లో అది లిమిటెడ్ కంపెనీ అయింది. 1903లో రాజశేఖర్ బోస్ అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడు చేరి దాన్ని గట్టిగా నిలబెట్టారు. ఆ తర్వాత బెంగాలీలో హాస్య రచయితగానూ ఆయన పేరు పొందారు. 1905లో మాణిక్‌తలాలో పెద్ద కర్మాగారం వచ్చింది. ఇళ్ల మధ్య నుంచి పని ఊరి చివరకు మారింది. ఏళ్ల తర్వాత ముంబయి శాఖ వచ్చింది. 1980లో ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసింది.

సతీశ్ పేరు పాఠ్యపుస్తకాల్లో కనబడదు. ప్రయోగశాలలో చేతి తొడుగు, కళ్లద్దాలు, సీసా మీద పేరు ఎందుకని పిల్లలు అడిగితే చెప్పవలసిన పేరు అది.

40 రూపాయల మనిషి

1901లో గోపాల కృష్ణ గోఖలే కలకత్తాలో ఒక యువ న్యాయవాదికి రేను పరిచయం చేశారు. నెలకు 800 రూపాయల జీతంలో 40 రూపాయలు తనకు ఉంచుకుని మిగతాది ప్రజల పనులకు ఇచ్చే ఆచార్యుడిగా ఆయన గురించి ఆ న్యాయవాది తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ న్యాయవాది గాంధీజీ. రే పెళ్లి చేసుకోలేదు. 1916లో ప్రెసిడెన్సీ కళాశాల వదిలి విశ్వవిద్యాలయ సైన్స్ కళాశాలలో చేరినప్పటి నుంచి ఆ కళాశాలలోనే ఒక గదిలో ఉన్నారు. పేద విద్యార్థులు ఆయనతో పాటు అక్కడే ఉండేవారు. తన బట్టలు తానే ఉతుక్కునేవారు. 1921లో 60 ఏళ్లు నిండాక, అక్కడి నుంచి రాబోయే జీతమంతా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విభాగానికే రాసిచ్చారు. 1922లో ఉత్తర బెంగాల్ వరదల్లో సహాయ కార్యక్రమాలకు నాయకత్వం వహించారు. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ స్థాపించినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే.

మన పేజీ పాఠకులకు మరో సంగతి ముఖ్యం. ఆయన ఇంగ్లీషులో ప్రపంచం చదివే వ్యాసాలు రాశారు. అయినా పిల్లలకు విజ్ఞానం మాతృభాషలోనే మొదలు కావాలని నమ్మారు. బెంగాలీలో పిల్లల కోసం జంతుశాస్త్ర పుస్తకం రాశారు. తరగతిలో బెంగాలీలో వివరించేవారు. వంగీయ సాహిత్య పరిషత్తుకు అధ్యక్షుడిగా పనిచేశారు. 1902లో, 1909లో రెండు భాగాలుగా వచ్చిన ఆయన హిందూ రసాయన శాస్త్ర చరిత్ర కోసం పాత తాళపత్రాలు, రాతప్రతులు వెతికి చదివారు. శ్రీపర్వతంతో ముడిపడిన నాగార్జునుడి పేరు మీద ఉన్న రసగ్రంథం కూడా వాటిలో ఉంది. తన భాషలో ఆలోచించిన పిల్లవాడు శాస్త్రంలో వెనుకబడతాడన్న భయానికి ఆయన జీవితమే జవాబు.

1944 జూన్ 16న, సైన్స్ కళాశాలలోని తన గదిలోనే, 82 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 2011లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ తన రసాయన స్మారక ఫలకాన్ని ఐరోపా బయట మొదటిసారి ఆయన పేరు మీదే ఇచ్చింది.

మన బడి అలమారా ప్రయోగశాలకు

ముంబయి తెలుగు బడుల్లో చాలాచోట్ల ప్రయోగశాల అంటే ఒక అలమారా, ఒక బల్ల. అది లోటే. కానీ చిన్నదాన్ని శుభ్రంగా నడపడం పెద్దదాన్ని నడపడం కంటే సులువు. రే జీవితం నుంచి నాలుగు అలవాట్లు తీసుకుంటే ఈ ఏడాదే మార్పు కనబడుతుంది.

మొదటిది, కొలత తగ్గించడం. పరీక్షనాళికలో అంగుళాల మేర ఆమ్లం పోసే చోట పది చుక్కలు చాలు. వాడేసిన మాత్రల ప్లాస్టిక్ పట్టీని బాగా కడిగితే పది గుంటల పళ్లెం దొరికినట్టే. ఒక్కో గుంటలో నాలుగు చుక్కలతో ఆమ్ల, క్షార పరీక్షలు చేయవచ్చు. సూచికకు మందార రసం, పసుపు పూసిన కాగితం సరిపోతాయి. పసుపు కాగితం సబ్బు నీటికి ఎర్రబడుతుంది. మందార రసం నిమ్మరసానికి ఎరుపు, సోడా నీటికి ఆకుపచ్చ చూపిస్తుంది. రసాయనం పదో వంతుకు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, ఆవిరీ తగ్గుతుంది, మోరీలోకి పోయేదీ తగ్గుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి ప్రయోగాలను గాలి ఆడని గదిలో అసలు పెట్టకపోవడమే మంచిది.

రెండోది, పారబోసే ముందు చూడటం. మైలుతుత్తం స్ఫటికాలు పెంచే ప్రయోగం అయ్యాక ఆ స్ఫటికాలనే మళ్లీ కరిగించి వచ్చే ఏడాది పిల్లలకు ఇవ్వవచ్చు. ఇక పనికిరాని నీలి ద్రావణం ఉంటే నేరుగా మోరీలో పోయకండి. రాగి లవణం చేపలకు విషం, ముంబయి మురుగు చివరికి చేరేది సముద్రానికే. అందులో పాత ఇనుప మేకులు వేసి ఉంచితే రాగి మేకుల మీదకు చేరుతుంది, నీలిరంగు పోతుంది. వ్యర్థాన్ని శుభ్రం చేయడమే ఒక పాఠం అవుతుంది. పలుచటి ఆమ్లం మిగిలితే ప్లాస్టిక్ బకెట్లో చాకలి సోడా కొద్దికొద్దిగా వేసి, నురగ రావడం ఆగాక పారబోయాలి. ఈ పని ఉపాధ్యాయుడి చేతి మీదే జరగాలి.

మూడోది, ఉచితంగా వచ్చేదాన్ని వాడుకోవడం, కానీ వాన సంగతి మరవకపోవడం. స్వేదన ప్రయోగంలో నల్లా తిప్పి వదిలేయకుండా ఒక బకెట్ నీటినే చల్లబరచడానికి తిప్పి వాడి, అదే నీటితో గాజు సామాను కడగవచ్చు. ఉప్పునీటిని ఆవిరి చేయడానికి దీపం బదులు ఎండ చాలు. విశాఖలో బాల్యం గడిపిన సర్ సి.వి. రామన్ తన పేరు మీద నిలిచిన ఆవిష్కరణకు మొదట వాడుకున్న దీపం సూర్యుడే. ముంబయిలో నాలుగు నెలలు వాన. ఎండ ప్రయోగాలన్నీ దసరా తర్వాతకు పెట్టుకుంటే సరి.

నాలుగోది, పిల్లవాడికి అర్థమయ్యే పేరు. ప్రతి సీసా మీద తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ పేరు, తెరిచిన తేదీ, ముట్టుకుంటే ఏమవుతుందో ఒక్క మాట రాయాలి. పేరు చెరిగిపోయిన సీసాలను, పాదరసం ఉన్న పాత ఉష్ణమాపకాలను పిల్లలకు అందకుండా వేరుగా పెట్టి, బడి పై అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. వాటిని భంగార్ వాలాకు మాత్రం ఇవ్వకూడదు. ఇస్తే ఆ విషం అతని చేతికి, అతని ఇంటి పిల్లలకు చేరుతుంది. కొత్తవి కొనేటప్పుడు ఎర్ర ఆల్కహాలు ఉష్ణమాపకాలు తీసుకోండి.

ఈ నాలుగింటికీ కలిపి బడికి అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు మించదు. తల్లిదండ్రులు చేయగలిగిన సాయం కూడా ఉంది. కడిగిన గాజు సీసాలు, మాత్రల పట్టీలు, పాత మేకులు, పెరటి కుండీలో మందార పూలు పంపవచ్చు. మేస్త్రీ పని, కరెంటు పని తెలిసిన తండ్రులు మన వాడల్లో కొదవలేదు. ఒక ఆదివారం వచ్చి ప్రయోగాల గదికి గాలి బయటికి తోసే ఫ్యాను బిగిస్తే, అది ఏళ్ల తరబడి పిల్లల ఊపిరిని కాస్తుంది. రాళ్లు మోసి, గోడలు కట్టి ఈ నగరాన్ని నిలబెట్టిన కామాటీల మనవలకు అది పెద్ద పనేం కాదు.